గీతలు తీసే మిషను గొప్పలు

నేను ఒక పాలిష్ మిషన్ని. ఇళ్లలో పాలరాతి నేల మీద పడ్డ గీతలు తీసి మళ్లీ మెరిపించడం నా వృత్తి. వృత్తి అని పెద్ద మాట వాడాను గానీ, నిజానికి నేను చేసేది గిరగిరా తిరగడం. అది బొంగరం కూడా చేస్తుంది. దానికి కాస్త సిగ్గుంది, తిరిగి తిరిగి పడుకుంటుంది. నాకు అదీ లేదు. పట్టుకునే మనిషి లేకపోతే పోయి గోడకు గుద్దుకుని, అక్కడ కూడా తిరుగుతూనే ఉంటాను.

పుట్టుక గురించి గొప్పలు పోదామన్నా సరుకు తక్కువ. విశాఖపట్నంలో ఒక రేకుల షెడ్డులో నన్ను కూర్చారు. పుట్టించారనడం కన్నా అదే సరైన మాట. నా మోటారు అంతకుముందు ఏదో మిల్లులో ఎండుమిరపకాయలు ఆడించేది. నన్ను మొదటిసారి ఆన్ చెయ్యగానే షెడ్డులో ఉన్న నలుగురూ వరసగా తుమ్మారు. నా బారసాల అలా జరిగింది. చేతులు బోరింగు గొట్టానివి, చక్రాలు ఏ ఆసుపత్రి మంచానివో. నాదంటూ చెప్పుకోవడానికి ఒంటి మీద ఆకుపచ్చ రంగు ఒక్కటే ఉండేది, అది కూడా ఏడాది తిరక్కుండానే రాలిపోయింది.

ఇక నా విద్య. ఇన్నాళ్లూ బయటపెట్టని సంగతి మీకు చెబుతున్నాను, నవ్వకండి. గీతలు తీయడమంటే వాటి మీద ఇంకా సన్నటి గీతలు గీయడమే. నా అడుగున ముందు గరుకురాయి బిగిస్తారు. అది పాత గీతలను అరగదీసి తన గీతలు పెడుతుంది. తరవాత దానికన్నా నున్నటి రాయి, తరవాత ఇంకా నున్నటిది. చివరకు గీతలు కంటికి ఆననంత సన్నబడేసరికి, ఇంటివాళ్లు వంగి చూసుకుని "అబ్బ, అద్దంలా ఉందండీ" అంటారు. నేనేమో ఆ పొగడ్తకు ఉబ్బిపోయి ఇంకాస్త గట్టిగా రొద పెట్టేదాన్ని. వాళ్ల చూపు అక్కడికి ఆగిపోయిందన్న సంగతి మాత్రం పైకి చెప్పేదాన్ని కాదు.

నా మొదటి యజమాని గవర్రాజు. విజయనగరంలో కాంట్రాక్టరు, కండలు తిరిగిన మనిషి. నన్ను నడపడానికి కండలు అక్కర్లేదు. హ్యాండిల్ రవ్వంత ఎత్తితే కుడికి పోతాను, రవ్వంత దించితే ఎడమకు పోతాను, అంతే. ఆ రవ్వంత అన్నది ఆయనకు అంతుబట్టలేదు. రోజూ నాతో కుస్తీ పట్టేవాడు. ఒకరోజు పెళ్లివారింట్లో ఆయన్ని నాతోపాటు ఈడ్చుకుపోయి అద్దాల బీరువాలో పడేశాను. బొమ్మలన్నీ ముక్కలయ్యాయి. ఆయన లేచి నన్ను కాలితో ఒక్క తాపు తన్ని, ఆ వారంలోనే అమ్మేశాడు. గెలిచింది నేనే అనుకుని చాలా రోజులు సంబరపడ్డాను. గెలిచినవాళ్లను ఎవరూ అమ్ముకోరన్న ఇంగితం అప్పటికి నాకు లేదు.

కొన్నవాడు సన్యాసిరావు. మెత్తటి మనిషి. ఇంటివాళ్లు ఏ వంక పెట్టినా చేతులు జోడించి "అవును బాబూ, నాదే తప్పు" అనేవాడు. గోడకు పాత చెమ్మ ఉన్నా ఆయన తప్పే, కిటికీలోంచి వాన కొట్టినా ఆయన తప్పే. చేసిన పనే మళ్లీ చేసేవాడు. ఆయన వెనకే భార్య పైడమ్మ ఉండేది. నేను నీళ్లలో తిరుగుతుంటే లేచే తెల్లటి బురదను లాగి, కడిగి, గుడ్డతో ఒత్తేది. పదకొండేళ్లు అలాగే చేసింది. నా లెక్కలో పనిమంతులం నేనూ సన్యాసిరావూ, ఆవిడ గుడ్డ పట్టుకునే మనిషి. ఆవిడ మధ్యమధ్య అరచెయ్యి నేల మీద పెట్టి "ఉండయ్యా, ఇంకా గరుకుంది, రాయి మార్చీకు" అనేది. ఆయన ఆగేవాడు. ఆయన ఆగింది నా మోటారు చప్పుడు విని అనుకునేదాన్ని నేను. మోటారుకు బుర్ర ఉండదని ఊరికే అనలేదు.

పోయిన ఆషాఢం చివర్లో నన్ను మూడో అంతస్తుకు ఎక్కిస్తుంటే సన్యాసిరావు నడుములో ఏదో కలుక్కుమంది. మెట్ల మీదే కూలబడ్డాడు. డాక్టరు నడుముకు పట్టీ వేసి, ఇక బరువులు ఎత్తొద్దనీ మిషను పట్టుకోవద్దనీ చెప్పేశాడు. వారం తిరక్కుండా పాతసామాన్ల వ్యాపారి వచ్చి నా పొట్ట మీద వేళ్లతో కొట్టి చూశాడు. లోపల ఇనుము ఎంత, రాగి ఎంత అని వాడి ఆరా. అంత మెరుపు పంచినదాన్ని, నన్ను ఆ చూపు చూసేసరికి ప్రాణం చివుక్కుమంది.

"శనివారం వొచ్చి ఎత్తుకుపోతానన్నాడు," అన్నాడు సన్యాసిరావు.

పైడమ్మ పొయ్యి ముందు నుంచి లేచి వచ్చింది. "ఎందుకమ్మీడం? నాను నడుపుతాను."

"ఓలమ్మో! ఆడమనిషికి ఈ మిషనేటే? గోడకేసి కొట్టీగలదు నిన్ను."

"పదకొండేళ్లు దీనెనకాలే తిరిగినాను. నాకు తెలీదేటి దీని సంగతి? ఒక్క ఇల్లు సేసి సూత్తాను. సెడిపోతే శనివారం అమ్మీసీ. నానడ్డం రాను."

సన్యాసిరావు నడుము పట్టీ సవరించుకున్నాడు. తరవాత "ఒక్క ఇల్లే" అన్నాడు. ఆవిడ బతుకు తెరువూ నా ప్రాణమూ ఆ ఒక్క ఇంటి మీద నిలబడ్డాయి. ఆ క్షణాన నేను ఎవరి పక్షాన ఉండాలి? ఆవిడ పక్షానే కదా! నేనేమో, అంత గవర్రాజునే ఈడ్చేశాను, ఈవిడెంత అనుకున్నాను. నా బుద్ధి అలాంటిది.

ఆ ఒక్క ఇల్లు కామేశ్వరమ్మగారిది. రిటైరైన హెడ్మిస్ట్రెస్. ఇరవై వాటాల అపార్టుమెంటులో కింద వాటా ఆవిడది, అసోసియేషనుకు పెద్ద కూడా ఆవిడే. ఇరవై ఇళ్లలోనూ ఒకే పాలరాయి, ఒకే రకం గీతలు. మంచాలు జరిపినవి, గ్యాసు బండలు ఈడ్చినవి. ఈ ఇల్లు బాగా వస్తే మిగతావాళ్లూ పిలుస్తారు. రాకపోతే ఎవరూ పిలవరు.

"చేసేది ఎవరు? మీ ఆయనేడీ?" అన్నారావిడ.

"నానేనమ్మా."

కామేశ్వరమ్మగారు కళ్లజోడు మీదుగా పైడమ్మను చూసి, లోపలికి వెళ్లి, ఇల్లు కట్టినప్పుడు మిగిలిన పాలరాతి ముక్క ఒకటి తెచ్చి ఇచ్చారు. "ముందు దీని మీద చేసి చూపించు." పైడమ్మ రాళ్లు చేత్తోనే పట్టి రుద్ది చేసింది. ఆవిడ దాన్ని వెలుగుకు పట్టి అటూ ఇటూ తిప్పి, జవాబుపత్రం దిద్దినంత సేపు చూశారు. "సరే. శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. గురువారం మధ్యాహ్నానికల్లా ఇల్లు నాకు అప్పజెప్పాలి."

సోమవారం పొద్దున పైడమ్మ చీర కుచ్చెళ్లు పైకి దోపి నా హ్యాండిల్ పట్టుకుంది. నేను నా పాత విద్య చూపిద్దామని ఒక్కసారి కుడికి ఉరికాను. ఆవిడ గట్టిగా పట్టుకోలేదు, వెనక్కి లాగలేదు. మణికట్టు కాస్త దించింది. నేను ఎడమకు వచ్చేశాను. మళ్లీ ఉరికాను, మళ్లీ దించింది. మూడోసారికి నాకే నామోషీ వేసి దూడలా వెంట నడిచాను. ఇన్నేళ్లూ నన్ను నడపడం మహా కష్టమని నా గురించి నేను వేసుకున్న చాటింపంతా అబద్ధమేనని ఆ పూట తేలిపోయింది.

గరుకురాయి అయ్యాక నున్నటి రాయి బిగించేముందు ఆవిడ ఇల్లంతా మూడుసార్లు కడిగింది. గరుకు రేణువు ఒక్కటి మిగిలినా నున్నటి రాయి కింద పడి సుడులు గీస్తుంది. ప్రతిసారీ మోకాళ్ల మీద కూర్చుని, అరచేత్తో ప్రతి పలకనూ తడిమి చూసింది. నేను అంతసేపూ మూలన నిలబడి విసుక్కున్నాను. చివర మెరుపు కోసం పొడి వేసి తిప్పి, దాన్నీ శుభ్రంగా కడిగేసింది. గురువారం మధ్యాహ్నానికి, పైన తిరిగే ఫ్యాను కింద నేలలో కూడా తిరిగింది. కామేశ్వరమ్మగారు "బాగుంది" అన్నారు. ఆవిడ నోట ఆ మాట రావడం అరుదట. నన్ను మాత్రం తీసుకెళ్లడానికి ఆటో దొరకలేదు, వాన. రేపు పొద్దున వస్తామని చెప్పి పైడమ్మ బాల్కనీలో నిలబెట్టి వెళ్లిపోయింది.

అందువల్ల ఆ సాయంత్రం జరిగినదానికి సాక్షిని నేనొక్కదాన్నే. కామేశ్వరమ్మగారు పూజసామాన్లన్నీ హాల్లో పెట్టుకున్నారు. ఇత్తడి చెంబు, కుందులు, పళ్లేలు, గంట. చింతపండు నానేసి, నేల మీద కూర్చుని, ఒక్కొక్కటీ పులుపు కారేలా తోమి, చుట్టూ వరసగా పెట్టారు. అంతలో ఎవరిదో ఫోను. ఆ మాటలు గంటసేపు సాగాయి. పులుపు పడితే పాలరాయి మాడిపోతుంది. మెరుపు చచ్చి తెల్లగా పాలిపోతుంది. నాకు తెలుసు. అరుద్దామంటే ప్లగ్గు తీసేసి ఉంది. ఇన్నాళ్లూ ఇళ్లలో చెవులు చిల్లులు పడేలా రొద పెట్టినదాన్ని, ఒక్క మాట అవసరమైన రోజున మూగదాన్నయ్యాను.

శుక్రవారం పొద్దున పైడమ్మా, నడుముకు పట్టీతో సన్యాసిరావూ వచ్చేసరికి అపార్టుమెంటులోని పేరంటాళ్లు ఏడెనిమిదిమంది అప్పటికే హాల్లో ఉన్నారు. కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడుతోంది. ఆ వెలుగులో నేలంతా తెల్లటి గుండ్రటి మచ్చలు.

"రా, చూడు నీ పని," అన్నారు కామేశ్వరమ్మగారు. "పండగపూట నలుగురిలో నా పరువు తీశావు. ఆ పొడేదో సరిగ్గా కడిగావు కాదు. చేతగానప్పుడు ఎందుకొప్పుకున్నావమ్మా?"

పేరంటాళ్లంతా నేల వంక చూసి, తరవాత పైడమ్మ వంక చూశారు. సన్యాసిరావు అలవాటు ప్రకారం చేతులు జోడించేశాడు. "అవునమ్మా, మాదే తప్ప..."

"నువ్వూరుకో," అంది పైడమ్మ.

పదకొండేళ్లలో ఆ మాట నేను వినలేదు. ఆయన చేతులు జోడించినవి జోడించినట్టే ఆగిపోయాయి. పైడమ్మ ముఖం ఎర్రబడింది. మోకాళ్ల మీద కూర్చుని ఒక మచ్చను అరచేత్తో తడిమి, చుట్టూ చూసి, గుమ్మం పక్కనున్న ఇత్తడి చెంబు తెచ్చి ఆ మచ్చ మీద పెట్టింది. సరిగ్గా సరిపోయింది. పక్క మచ్చ మీద కుంది పెట్టింది. అదీ సరిపోయింది.

"అమ్మా, ఒక్కమాట అడుగుతాను, కోప్పడకండి. నిన్న సింతపండెట్టి ఇక్కడే కూకుని తోమినారేటి?"

"తోమితే? ఇత్తడికి మెరుపు రావాలంటే చింతపండే కదా! దాంతో రాయికేమవుతుంది?"

"మరి నాను సెప్పడం ఎందుకు, మీరే సూడండి. ఓ రవ్వ పులుసు ఇప్పించండి."

తన చేత్తో మెరిపించిన పాలరాతి ముక్కను అడిగి తెచ్చుకుని, దాని మీద చింతపండు గుజ్జు వేసింది. ఎవరో కాఫీ గ్లాసులు తెచ్చారు గానీ ఎవరూ తాగలేదు. కాసేపటికి పైడమ్మ కొంగుతో గుజ్జు తుడిచి, ముక్కను ఎండకు పట్టింది. నడిమధ్యన, నేల మీద ఉన్నవాటిలాంటిదే, తెల్లటి మచ్చ.

"నా పని సెడిపోనాదంటే ఒప్పుకుంటానమ్మా, మళ్లీ సేత్తాను. కానీ ఇది నా పని కాదు. నాను సేసింది బాగానే సేసినాను." అని ఆ ముక్కను కామేశ్వరమ్మగారి ముందు పెట్టింది.

కామేశ్వరమ్మగారు కళ్లజోడు తీసి పమిటతో తుడుచుకున్నారు. రెండో అంతస్తు ఆవిడ మెల్లగా "మా పూజగదిలోనూ ఇలాంటివే ఉన్నాయండోయ్, రాయే నాసిరకం అనుకుంటున్నాం" అంది. ఎవరో కిసుక్కున నవ్వారు. కామేశ్వరమ్మగారు నవ్వలేదు.

"ముప్పై ఏళ్లు ఎంతోమంది పిల్లలచేత తప్పు ఒప్పించాను," అన్నారు, అందరికీ వినబడేలా. "ఈ తప్పు నాది. తోమింది నేను, తిట్టింది నిన్ను. రా, పేరంటానికి కూర్చో."

"వొద్దమ్మా, పనిలోకొచ్చిన మనిషిని..."

"కూర్చోమన్నానా!" అది హెడ్మిస్ట్రెస్ గొంతు. పైడమ్మ కూర్చుంది. కామేశ్వరమ్మగారు పసుపుగిన్నె తెచ్చుకుని ఆవిడ ఎదుట కింద కూర్చుని, పాదం తన చేతిలోకి తీసుకున్నారు. మడమల పగుళ్లలో తెల్లటి రాతిపొడి ఇంకా అలాగే ఉంది. పసుపు రాయబోతుండగా పైడమ్మ ఉలిక్కిపడి కాళ్లు ముడుచుకుంది.

"అమ్మా, ఆగండి! పసుపు నేల మీద కారీగలదు. రాయిలోకి దిగిపోతే ఓ పట్టాన వొదల్దు. కింద ఏ గుడ్డయినా ఎయ్యండి!"

కామేశ్వరమ్మగారు ఆ పాదాన్ని మళ్లీ దగ్గరికి లాక్కున్నారు.

"దిగితే దిగనీ. తియ్యడానికి నువ్వు లేవూ?"

పైడమ్మ తల వంచుకుని బోరున ఏడ్చింది. గుమ్మంలో సన్యాసిరావు జేబులోంచి ఫోను తీసి, రేపు రావొద్దని చెప్పడానికి పాతసామాన్లవాడి నంబరు వెతకసాగాడు. నేను బాల్కనీలో నిలబడి, ఇదంతా నా మెరుపు వల్లే జరిగిందని చెప్పుకోవడానికి ఏదైనా ఒక్క ముక్క దొరుకుతుందేమోనని ఎంతో వెతికాను. దొరకలేదు.