బావగారి న్యూట్రల్

మళ్ళీ వేశాడు, వేశారు అనాలి, మనసులోనైనా బావగారిని ఏకవచనంలో అనుకోకూడదు, అయినా సుహాసినికి ముందు వేశాడనే వచ్చింది, గేరు రాడ్డు మీద ఆ లావుపాటి చెయ్యి అటోసారి ఇటోసారి ఊపి మధ్యలో వదిలేయడం వెనక సీట్లోంచి బాగా కనిపించింది, ఇంజను గొంతు ఒక్కసారిగా సన్నబడింది, స్టీల్ బ్రిడ్జి మీద పల్లం మొదలైందో లేదో కారు న్యూట్రల్‌లో జారుతోంది, విన్నారా ఎంత హాయిగా ఉందో, పెట్రోలు చుక్క ఖర్చులేదు, అంటున్నారు శ్రీరామమూర్తి బావగారు, ముందు సీట్లో ఆయన పక్కన కూర్చున్న తన భర్త ఫణికిరణ్ అవునన్నయ్యా అంటున్నాడు, ఇంట్లో కుక్కర్ మూత పెట్టడం మీద కూడా తనకు పాఠం చెప్పే మనిషి, అన్నగారి పక్కన కూర్చుంటే చాలు, మెడ తప్ప మరేదీ పనిచెయ్యదు, అదీ పైకీ కిందికీ, అడ్డంగా తిరగడం దానికి తెలియదు, చుక్క ఖర్చులేదట, కోఠీ కాలేజీలో ఫిజిక్స్ చదివిన తన ముందు, స్కూటర్ల రోజుల్లో నిజమేనేమో, నౌబత్ పహాడ్ వాలు మీద ఆయన స్కూటర్‌ని అలా వదిలేస్తే కిందిదాకా వచ్చేసేదని ప్రతి పండక్కీ వింటూనే ఉన్నారు అందరూ, కానీ ఇప్పటి ఇంజన్లలో గేరు ఉంచి యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేస్తే పల్లంలో పెట్రోలు దానంతటదే ఆగిపోతుంది, చక్రాలే ఇంజన్ని తిప్పుతాయి, ఇంజను చక్రాల్ని పట్టి ఉంచుతుంది, న్యూట్రల్ వేస్తేనే అది ఆరిపోకుండా ఉండటానికి తాగుతూ ఉంటుంది, అంటే ఈయన మిగిల్చేది ఏమీ లేదు, పట్టు వదిలేసి, బరువంతా బ్రేకుల మీద పడేసి, కార్లో ఉన్నవాళ్ళందరి ప్రాణాలూ పల్లానికి అప్పజెప్పి, దానికి పొదుపని పేరు, ఆ పేరు వింటేనే ఒళ్ళు మండిపోతుంది.

మండితే మాత్రం ఏం, ఒళ్ళో పళ్ళబుట్ట పట్టుకుని కూర్చోవాలి, అంబర్‌పేటలో వేదవతి అక్కయ్య చెల్లెలి గృహప్రవేశం, చిక్కడపల్లి నుంచి మీరు ఆటోలో ఎందుకు, మా కార్లో రండి అని పిలిచింది తోడికోడలు, అశోక్‌నగర్‌లో వాళ్ళింటి ముందే ఎక్కారు, ఎప్పుడూ అంతే, పెళ్ళయిన దగ్గర్నుంచి బావగారితో తను నేరుగా ఒక్క మాట మాట్లాడింది లేదు, అక్కయ్యా, బావగారికి కాఫీ ఇమ్మంటారా, అంతే, ఆయన ఎదురుగానే కూర్చుని ఉంటారు, గోడకు చెప్పి గోడ చేత చెప్పించినట్టు, ఆ గోడ వేదవతి అక్కయ్య, మనిషి చెడ్డవాడు కాదు, అదే వచ్చిన చిక్కు, తన కూతురు కీర్తనకు డెంగీ వచ్చినప్పుడు ఆస్పత్రి చుట్టూ తిరిగింది ఆయనే, అలాంటి మనిషిని పట్టుకుని మీకు కారు నడపడం రాదు అని ఎలా అనడం, చెడ్డవాడైతే ఎంత సుఖంగా ఉండేది, ఇంతలో తనకూ అక్కయ్యకూ మధ్యలో ఇరుక్కుని కూర్చున్న కీర్తన ముందుకు వంగింది, పెదనాన్నా, మా డ్రైవింగ్ స్కూల్ మేడమ్ న్యూట్రల్‌లో దిగొద్దన్నారు, ఎవరమ్మా ఆ మేడమ్, నేను స్టీరింగ్ పట్టేనాటికి పుట్టిందా అసలు, మహేశ్వరి మేడమ్ పెదనాన్నా, నారాయణగూడలో, ఆమె ఏమంటారంటే, న్యూట్రల్‌ల ఏస్తే బండి నీ మాట ఇనదు బిడ్డా, బండి మాట నువ్వు ఇనాలె అని, వేదవతి అక్కయ్య కిసుక్కున నవ్వింది, బావగారు నవ్వలేదు, ఫణికిరణ్ వెనక్కి తిరిగి, కీర్తనా, పెద్దవాళ్ళతో వాదనలేంటి, అది కాదు నాన్నా, ఆమె చెప్పింది కరెక్టే, కావాలంటే అమ్మనడగండి, అమ్మది ఫిజిక్సు కదా, అంతే, సుహాసిని చెయ్యి పళ్ళబుట్ట కిందనుంచి దానంతటదే వెళ్ళి కూతురి తొడ మీద మెలిపెట్టింది, చురుక్కుమనేలా, పైకి కనపడకుండా, తొడపాశం, కీర్తన నోరు టక్కున మూతపడింది, ఒక్కసారి తనవైపు చూసింది, ఆ చూపు తనకు తెలుసు, తన చిన్నప్పుడు సుల్తాన్ బజార్ బట్టల కొట్లో మామయ్య చీర చేతిలోకి తీసుకుని గ్యారంటీ రంగు అంటుంటే, లేదు మామయ్యా, నా వేలికి అంటింది చూడు అని వేలు చాపబోయినప్పుడు అమ్మ పెట్టింది ఇలాగే, మొదటి ఉతుకులోనే బకెట్ నిండా ఎర్రనీళ్ళు, మామయ్యకు ఎవరూ చెప్పలేదు, తన తొడ మీద నల్లమచ్చ మాత్రం చాలారోజులు ఉంది.

కారు వేగం పెరుగుతోంది, ఇంజను చప్పుడు లేదు, టైర్ల చప్పుడే, ఆ నిశ్శబ్దం చూసే ఈయన మురిసిపోయేది, కింద, బ్రిడ్జి దిగే చోట, వీఎస్టీ దగ్గర బండ్లు నిలిచిపోయి ఉన్నాయా, ఏమో, తనకు ముందు సీటు అడ్డం, బుట్టలో బత్తాయిలు మెల్లగా ముందుకు ఒరుగుతున్నాయి, కాలు దానంతటదే కారు మ్యాట్ మీద గట్టిగా నొక్కుకుంటోంది, అక్కడ బ్రేకేమైనా ఉందా, పక్కనుంచి కీర్తన పె అంది, అంతే, పెదనాన్నా అనబోయి ఆగిపోయి తనవైపు చూసింది, ఆ తర్వాతే బావగారి కాలు కదిలింది, కీచుమంది కారు, ఒళ్ళంతా ముందుకు విసిరినట్టయింది, బత్తాయిలు సీట్ల కిందికి దొర్లిపోయాయి, అక్కయ్య రామరామ అంటోంది, ముందు ఆగి ఉన్న బైకు, దాని మీద వెనక కూర్చున్న అబ్బాయి ఒక చేత్తో చుట్టిన పరుపు, ఇంకో చేత్తో బకెట్ పట్టుకుని ఉన్నాడు, రూము మారుతున్న కోచింగ్ పిల్లలు, కారు ముక్కు ఆ పరుపుకు ఆని ఆగింది, పరుపు లేకపోతే ఆ అబ్బాయి వీపుకు, ఏంది పెద్దమనిషీ, మీదికెల్లే పోతవా ఏంది, బ్రేకులున్నయా లేవా, వాడు వెనక్కి తిరిగి అరుస్తున్నాడు, బావగారు అద్దం దించి, రోడ్ల మీద పరుపులేంటయ్యా, పక్కకు నడపొద్దూ, అని అద్దం ఎత్తేసి, చూశావురా ఫణీ, ఎలా ఆగిందో, బండి కండిషన్ అంటే అలా ఉండాలి, ఫణికిరణ్ మెడ పైకీ కిందికీ, చంపబోయి, బతికిన వాణ్ణి తిట్టి, దానికీ కండిషన్ అని పేరు, అరవాలనిపించింది సుహాసినికి, అరవలేదు, ముందు బండ్లు కదిలాయి, బైకు ముందుకు పోయింది, బావగారు బ్రేకు మీంచి కాలు తీశారు, గేరు మాత్రం వెయ్యలేదు, ఇంకా కొంచెం పల్లం మిగిలుంది కదా, ఎందుకు వదులుకోవాలి.

కారు మళ్ళీ జారుతోంది, ఎవరి మీద ఈ కోపం, ఈయన మీదా, మెడ ఊపే ఆయన మీదా, కీర్తన తొడ మీద చెయ్యి పెట్టుకుని రుద్దుకుంటోంది, నోరు మూసుకునే ఉంది, ఈ పిల్ల మధ్యలో కూర్చుంది, ముందు అద్దంలోంచి రోడ్డంతా దీనికే కనిపిస్తుంది, బైకును బావగారికంటే ముందే చూసింది, పె అంది, మిగతా మాట మింగేసింది, మింగేముందు బైకు వైపు కాదు, బావగారి వైపు కాదు, తన వైపు చూసింది, అమ్మ చెయ్యి మళ్ళీ వస్తుందేమోనని, ఆ క్షణంలో దానికి పరుపు పట్టుకున్న అబ్బాయి ప్రాణం పోతుందన్న దానికంటే తన చెయ్యంటేనే ఎక్కువ భయమేసింది, బ్రేకు పడటం ఆలస్యమైంది ఆయన కాలు వల్ల కాదు, తన వేళ్ళ వల్ల, ఇది తెలిశాక ఇంక కూర్చోలేకపోయింది సుహాసిని, ముందుకు వంగింది, బావగారూ, అంది, గోడ లేకుండా, నేరుగా, గేరు వెయ్యండి, ఫణికిరణ్ మెడ ఈసారి అడ్డంగా తిరిగింది, బావగారు అద్దంలో తనవైపు చూశారు, తర్వాత గేరు పడింది, ఎవరో వెనకనుంచి కొంగు పట్టుకున్నట్టు కారు మెల్లబడింది, సుహాసిని కూతురి తొడ మీద తను మెలిపెట్టిన చోటే చెయ్యి పెట్టి నిమిరింది, కీర్తనా, ఇందాక ఏదో చెప్పబోయావు కదమ్మా, ఇప్పుడు చెప్పు, పెదనాన్నగారు వింటున్నారు.