గుర్రాలకు గది ఉండేది

పొద్దున్నే గిన్నెలు తోముతున్నంతసేపూ ఆమె పోలీస్ స్టేషన్లలో తిరుగుతూ ఉంటుంది. చేతుల పని చేతులదే, ఆమె మాత్రం ఏదో ఒక ప్లాను కాగితంలో ఉంటుంది. గేటు దాటి, వరండా మెట్లెక్కి, ఎడమవైపు గది తలుపు తీసి, కిటికీ ఎటుందో చూసుకుంటుంది. గాలి ఎటునుంచి వస్తుందో, మధ్యాహ్నం ఎండ ఏ గోడ మీద పడుతుందో ఆమెకు తెలిసిపోతుంది. కొందరు నవలలు చదువుకుంటారు, ఆమె ప్లానులు చదువుకుంటుంది. అక్కడ ఆమెను పిలిచేవాళ్లెవరూ ఉండరు. కళ్లజోడు ఎక్కడ పెట్టావనీ, వేణ్నీళ్లు కాగాయా అనీ అడిగేవాళ్లు ఆ గీతల మధ్యకు రాలేరు.

పోలీసు భవనాల ఆఫీసులో ఆమె పంతొమ్మిదేళ్లుగా గుమాస్తా. ఎక్కడ స్టేషన్ కట్టాలన్నా, ఏ క్వార్టర్స్ కప్పు కారినా ఆ కాగితం ముందు ఆమె బల్ల మీదికే వస్తుంది. ఇది మరమ్మతా, కొత్త కట్టడమా అన్నది మొదటి ప్రశ్న. మరమ్మతైతే ఆఫీసు పెద్దసారే మంజూరు చేసుకోవచ్చు. కొత్త కట్టడమైతే కాగితం పైకి వెళ్లాలి, అక్కడినుంచి ఇంకా పైకి, అక్కడ వాళ్లకు తీరికా నిధులూ రెండూ ఒకేసారి కలిసొచ్చినప్పుడు కిందికి దిగాలి. ఈ రూల్సన్నీ ఆమెకు కంఠతా వచ్చు కాబట్టి అందరూ ఆమెను రూల్సమ్మ అంటారు. ముద్దుగానే అంటారు లెండి. ఆమె రాసిన వాక్యాల కింద పెద్దసారు సంతకం పెడతాడు, ఆ వాక్యాలకు మెప్పు కూడా ఆయనకే వస్తుంది.

వారం రోజులుగా మాత్రం ఆమె ఒకే ప్లానులో చిక్కుకుపోయింది. ఎన్నిసార్లు లోపలికి వెళ్లినా బయటపడే దారి లేదు. డ్యూటీ అయిపోయింది, యూనిఫాం మార్చుకోవాలి, ఎక్కడ? లాకప్ గది ఉంది. తుపాకుల గది ఉంది, దానికి రెండు తాళాలు. పట్టుకొచ్చిన స్కూటర్లకు షెడ్డుంది. పదకొండు మంది ఆడ పోలీసులకు మాత్రం ఆ ప్లానులో అడుగు పెట్టే చోటు లేదు. పాత ఫైళ్ల గదిలో బీరువా చాటున ఒకరు బట్టలు మార్చుకుంటుంటే ఇంకొకరు తలుపుకు వీపు ఆనించి నిలబడతారట. తలుపున్న గది ఒకటి, దానికో స్నానాలగది ఇప్పించమని అక్కడి హెడ్ కానిస్టేబులమ్మ రాసుకుంది. ఆ ఉత్తరం మూడుసార్లు వచ్చింది. "ఇది కొత్త కట్టడం కిందికి వస్తుంది, మరమ్మతుల కింద పరిశీలించలేము" అని మూడుసార్లూ తిరిగి వెళ్లింది. ఆ జవాబు రాసింది ఎవరో కాదు, రూల్సమ్మే. సిగ్గుతో ఆమెకు గిన్నెల మీద చెయ్యి ఆగిపోయింది.

"అమ్మాయ్! పంపు వదిలేసి ఏ లోకంలో ఉన్నావు? ట్యాంకు ఖాళీ అవుతోంది!" అని అత్తగారు గదిలోంచే కేక వేసింది.

అత్తగారికి ఒక గది. భర్తకు ఒక గది. భర్త పాత పేపర్లకూ, ఎప్పటికైనా బాగుచేస్తానని దాచుకున్న రేడియోలకూ ఇంకో గది. ఆమె మంచం హాల్లో, అత్తగారి గుమ్మం పక్కన. ఆరేళ్ల కిందట అత్తగారి మోకాలికి ఆపరేషనైనప్పుడు, రాత్రి పిలిస్తే వినపడాలి కదా, ప్రస్తుతానికి ఇక్కడ పడుకో అన్నారు. మోకాలు ఎప్పుడో నయమైంది. ఆ ప్రస్తుతం మాత్రం ఇంకా అయిపోలేదు. ఆమె బట్టలు మంచం కింద సూట్‌కేసులో ఉంటాయి. హాల్లోకి ఎవరైనా వస్తే ఆమె లేచి, దుప్పటి మడిచి, మంచాన్ని సోఫాగా మార్చేసి టీ పెట్టడానికి వెళుతుంది. పోయిన నెల ధైర్యం చేసి, ఆ రేడియోల గది ఖాళీ చేసి నాకిస్తారా అని భర్తను అడిగింది. ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది, తనూ తిరిగి ఏదో ఒకటి అనేది. ఎంతో ఆప్యాయంగా నవ్వి, "నీకు వేరే గదెందుకోయ్? ఇల్లంతా నీదేగా!" అన్నాడు. పొగిడినట్టే ఉంది. ఆమె కూడా నవ్వి కూరగాయలు తరగడానికి వెళ్లిపోయింది. ఆ మాట ఎక్కడ గుచ్చుకుందో తెలియడానికి నాలుగు రోజులు పట్టింది. ఇల్లంతా ఆమెదే కాబట్టి ఊడ్చేది ఆమే, కానీ తలుపు వేసుకోవడానికి అందులో ఒక్క గదైనా ఆమెది కాదు.

ఆ రోజు ఆఫీసుకు వెళ్లేసరికి బల్ల ముందు హెడ్ కానిస్టేబులమ్మ కూర్చుని ఉంది. యాభై దాటిన మనిషి, టోపీ ఒళ్లో పెట్టుకుంది.

"మీరేనా మేడమ్ రాసేది? అక్షరం గుండ్రంగా ఉంటే ఆడమనిషే అనుకున్నా. మూడుసార్లు చదివానుగా, గుర్తుండిపోయింది."

ఆమెకు తల ఎత్తబుద్ధి కాలేదు. "రూలు అలా ఉందమ్మా," అని గొణిగింది.

"మీమీద కోపంతో రాలేదులే అక్కా." మేడమ్ కాస్తా ఎప్పుడు అక్క అయిందో ఇద్దరూ గమనించలేదు. "ఎదురుగా పెట్రోలు బంకుంది, అవసరానికి అక్కడికే వెళ్తాం. నెలసరి రోజుల్లో అయితే ఇక చెప్పక్కర్లేదు. బంకు మూసిన రోజు మా తిప్పలు మావి. కొత్తగా చేరిన పిల్ల ఒకతి డ్యూటీ రోజుల్లో నీళ్లు తాగడమే మానేసింది. మొన్న ఎండలో నిలబడి నిలబడి పడిపోయింది. ఏమన్నా తిన్నావా అంటే తిన్నానంటుంది, తాగలేదని చెప్పదు. నాకింకో రెండేళ్ల సర్వీసుంది. పోయేలోగా ఆ స్టేషన్లో ఒక తలుపు వేసుకుని కాసేపు కూర్చోవాలి. అంతే నా కోరిక."

ఆమె వెళ్లాక రూల్సమ్మ బీరువా తెరిచి, ఆ స్టేషన్ మొట్టమొదటి ప్లాను వెతికి తీసింది. గుడ్డ మీద అంటించిన పాత కాగితం, విప్పుతుంటే అంచులు రాలాయి. బల్ల మీద పరిచి మళ్లీ లోపలికి నడిచింది. గేటు, వరండా, లాకప్, వెనక తలుపు. ఆ వెనక ఆవరణలో ఓ మూల, ఇన్నాళ్లూ ఆమె తిరగని చోట, చక్కగా కొలతలు వేసిన గది ఒకటి కనిపించింది. గుర్రాల కొట్టం. పోలీసులు గుర్రాల మీద తిరిగిన రోజులనాటిది. నాలుగు గుర్రాలకు సరిపడా చోటు, నీళ్ల తొట్టి, గాలికి ఎత్తులో కిటికీలు, గట్టి తలుపు. నేల ఎంత వాలుగా ఉండాలో కూడా రాశారు, మూత్రం నిలవకుండా కాలువలోకి జారిపోవాలని. ఆమెకు నవ్వొచ్చింది, వెంటనే కళ్లలో నీళ్లు తిరిగాయి. గుర్రం ఎక్కడ పోసుకుంటుందో కూర్చుని ఆలోచించినవాడు ఒకడున్నాడు. ఆ తర్వాత పదకొండు మంది ఆడవాళ్లు ఉద్యోగంలో చేరితే, ఆపాటి ఆలోచన ఎవరికీ రాలేదు.

కొట్టం ఇంకా ఉంది. కప్పు కూలిపోయింది గానీ గోడలు నిలిచే ఉన్నాయి. భవనాల రిజిస్టరులో దాని పేరూ ఉంది. ఉన్నదాన్ని బాగుచేస్తే అది మరమ్మతే. కప్పు వేయొచ్చు, తలుపు పెట్టొచ్చు, నీళ్ల పైపు లాగొచ్చు, పైవాళ్లెవరినీ అడగక్కర్లేదు. మధ్యాహ్నానికల్లా కాగితం సిద్ధం చేసి పెద్దసారు ముందు పెట్టింది.

"భలే పట్టావు రూల్సమ్మా!" అని ఆయన అక్కడికక్కడే సంతకం చేశాడు. ఆయన చెడ్డవాడేం కాదు.

"రిజిస్టరులో పేరు కూడా మారుద్దాం సార్. 'గుర్రాల కొట్టం' కింద, ఇకపై ఇది 'స్త్రీ సిబ్బంది గది' అని రాస్తాను."

"అమ్మో, అది మాత్రం వద్దు. పేరు మారిస్తే పైవాళ్లకు కాపీ పంపాలి. ఇన్నేళ్లూ ఎందుకు లేదని వాళ్లు అడుగుతారు. ఆ తలనొప్పి నాకెందుకు? కొట్టం కొట్టంగానే ఉండనీ, ప్రస్తుతానికి వాడుకోమను."

"రేపు కొత్త ఇన్‌స్పెక్టర్ వచ్చి, కొట్టమే కదా, బళ్లు పెట్టుకుంటానంటే?"

"పెట్టుకుంటే ఏమైంది? అయినా వీళ్లకు వేరే గదెందుకు చెప్పు, స్టేషనంతా వాళ్లదేగా!" అని ఆయన నవ్వాడు.

అదే మాట. నవ్వు కూడా అదే, ఆప్యాయంగా, అరమరికలు లేకుండా. ఇంట్లో ఆయనా, ఆఫీసులో ఈయనా ఒకరినొకరు ఎన్నడూ చూసుకోలేదు. ఒకే బడిలో చదివినట్టు ఎలా మాట్లాడతారో!

భోజనాల వేళ అందరూ వెళ్లిపోయారు. ఆమె డబ్బా మూత తీయలేదు. రిజిస్టరు ముందు పెట్టుకుని కూర్చుంది. అందులో గది అని ఎక్కని గది లోకంలో లేనట్టే. దానికి వచ్చే ఏడాది సున్నం రాదు, విరిగిన గొళ్లెం బదులు ఇంకో గొళ్లెం రాదు. ఎవరైనా లాక్కుంటే, మాది అని చూపించడానికి చిన్న కాగితం ముక్క కూడా ఉండదు. తన మంచం గుర్తొచ్చింది. ఇంట్లో ఇలాంటి రిజిస్టరు లేదు, ఇక్కడుంది, దాన్ని రాసే చెయ్యి తనది. భయమేసింది. ఉద్యోగం పోదు గానీ, పంతొమ్మిదేళ్ల మంచిపేరు పోతుంది. కళ్లు మూసుకుని ఆ కొట్టంలోకి వెళ్లింది. కొత్త కప్పు కింద చల్లగా ఉంది. గోడకు పదకొండు కొక్కేలు, ఒకదానికి టోపీ వేలాడుతోంది. కొత్త పిల్ల సీసా ఎత్తి గటగటా నీళ్లు తాగుతోంది. తనే తలుపు దగ్గరికి వేసి లోపలినుంచి గడియ పెట్టింది. ఎవరూ పిలవలేదు. ఆ నిశ్శబ్దంలో ఎంతసేపుందో ఆమెకే తెలియదు. కళ్లు తెరిచి, కలం తీసి, పాత పేరు కొట్టెయ్యకుండానే దాని కింద గుండ్రటి అక్షరాలతో కొత్త పేరు ఎక్కించింది.

సాయంత్రం పెద్దసారు రిజిస్టరు తిరగేస్తూ ఆ పేజీ దగ్గర ఆగాడు. "ఇదేంటి? వద్దన్నానుగా! కొట్టెయ్."

"నేను కొట్టెయ్యకూడదు సార్," అందామె. "ఎక్కిన పేరు తీసెయ్యాలంటే మీరే గీత గీసి, పక్క గడిలో కారణం రాసి, సంతకం పెట్టాలి. రూలు."

ఆయన విసుగ్గా కలం తీశాడు. గీత గీయబోతూ పక్క గడి చూసి ఆగాడు. కలం కాగితానికి ఆనింది, కదలలేదు. స్త్రీలకు గది ఎందుకు అక్కర్లేదో తన చేత్తో రాసి, కింద తన పేరు పెట్టాలి. ఎటూ పాలుపోక, అలవాటు ప్రకారం ఆమె వైపు తలెత్తాడు.

"ఏమని రాయాలి?"

"అది మాత్రం నేను చెప్పను సార్," అందామె.

పెద్దసారు ఆ గడిని ఖాళీగానే వదిలేసి, కలానికి మూత పెట్టి, గీత పడని పేజీని ఆమె వైపు జరిపాడు.