చివరి వరుస

"అది కాదు తిల్దీ, మా నాన్న ఫైట్‌కి భయమేసింది అని రాస్తే చాలదు. కాళ్ళలో సత్తువ పోయింది అని రాయి. మొదట్నించీ చెబుతా, నెమ్మదిగా రాసుకో తల్లీ."

ఫైట్ పీపాలు చేసేవాడు. ఊళ్ళో చావు వస్తే మాత్రం చర్చి గోపురం ఎక్కి ట్రాంబోన్ అనే ఇత్తడి బాకా ఊదే ముగ్గురిలో ఒకడు. వాళ్ళు ఊదే చావుపాట చర్చిలో ఆర్గాన్ వాయించే మాస్టారు తాలర్ ఎప్పుడో రాసిచ్చింది. ఆయన పెద్ద సంగీతాలు వియన్నా దాకా వెళ్ళాయి గానీ, ఈ ఒక్క కాగితం ఊరు దాటలేదు. దానికో కట్టడి ఉంది. సాధన చేసేటప్పుడు చివరి వరుస ఊదకూడదు. శవం లేకుండా పాట ముగిస్తే శవాన్ని పిలిచినట్టే.

ఒక ఫిబ్రవరిలో ఫైట్ భార్య క్రెసెన్స్ రెండు రోజులుగా నొప్పులు పడుతోంది. మంత్రసాని అతన్ని ఇంట్లోంచి తరిమేసింది. మధ్యాహ్నం సాధనకని గోపురం ఎక్కాడు.

"పీపాకి కట్టు బిగించినంత తేలిక కాదురా బిడ్డని కనడం, కాసేపు కూచో" అన్నాడు పెద్ద ట్రాంబోన్ ఊదే కయెటాన్.

ఫైట్ కూచోకుండా ట్రాంబోన్ అందుకున్నాడు. నోరు ఊదే పనిలో ఉంది, మనసు ఇంటి దగ్గరుంది. మిగతా ఇద్దరూ ఎప్పటి చోటే ఆగారు. అతను ఆగలేదు. చివరి వరుసంతా ఒక్కడే ఊదేశాడు.

మూడోవాడు కుంటి సిమోన్ మెల్లిగా అడిగాడు. "ఎవరికిరా అది?"

ఫైట్ మెట్లన్నీ ఎలా దిగాడో అతనికే తెలీదు. ఇంటి ముందుకొచ్చేసరికి పడకగది కిటికీ బార్లా తీసి ఉంది. ఆ ఊళ్ళో ప్రాణం పోతే కిటికీ తీస్తారు, ఆత్మ వెళ్ళడానికి. మంచు లోపలికి పడుతోంది. అతని కాళ్ళలో సత్తువ పోయి అక్కడే కూలబడ్డాడు.

మంత్రసాని తల బయటపెట్టింది. "పొయ్యి పొగ చిమ్ముతుంటే తీశాను. లోపలికొచ్చావంటే చీపురు తిరగేస్తా."

"బతికుందా?"

"ఇప్పటికుంది. తర్వాత సంగతి నన్నడక్కు."

అప్పుడే గోపురం మీంచి చావుపాట మొదలైంది. ఫైట్ చెవులు మూసుకున్నాడు. పాట చివరి వరుస దాకా వచ్చి ఆగింది. మళ్ళీ మొదలైంది. మళ్ళీ అక్కడే ఆగింది. అప్పుడర్థమైంది అతనికి. తను ముగించిన పాటని కయెటాన్ మళ్ళీ తెరిచి, ముగియనివ్వకుండా పట్టుకున్నాడు.

పొద్దు వాలేదాకా ఊదుతూనే ఉన్నారు. ఆ వరుస దగ్గర పడ్డప్పుడల్లా ఫైట్ ఊపిరి బిగబట్టేవాడు. ఆ చలికి పెదాలు ఎంతసేపు నిలుస్తాయి? ముందు సిమోన్ ట్రాంబోన్ ఆగిపోయింది. మిగిలిన కయెటాన్ ట్రాంబోన్ కూడా జీరపోయి, పాట నడుమ తెగిపోయింది.

వీధంతా నిశ్శబ్దం. కిటికీలోంచి బిడ్డ ఏడుపు.

"ఆడపిల్ల" అంది మంత్రసాని. "తల్లి నిన్ను తిడుతోంది. ఇక ఫర్వాలేదు."

మర్నాడు కయెటాన్ వాచిన పెదాలతో వచ్చి, "సూపు కూడా తాగనివ్వట్లేదురా నీ కూతురు" అన్నాడు. కానీ ఫైట్‌కి భయం వదల్లేదు. ఎవరి చావుకి ఊదినా క్రెసెన్స్ ఎక్కడుందో చూసుకుని మరీ చివరి వరుస అందుకునేవాడు.

"ఆ పిల్లే మా వాల్బుర్గక్క. ముప్ఫయ్యొక్క ఏళ్ళ తర్వాత అమ్మ పోయినప్పుడు, నాన్న చివరి వరుస దగ్గర ట్రాంబోన్ దించేశాడు. 'కన్నతల్లికి పూర్తిగా ఊదే ఊపిరి కూడా లేదా' అని అక్క ఆయనతో మాట మానేసింది. నాన్న నాకొక్కడికే చెప్పాడు. 'మీ అమ్మది మీ అక్క పుట్టిన రోజే ఊదేశానురా. ఇంకోసారి ఊదితే ఎవర్ని పిలిచినట్టు? నిన్నా, దాన్నా?'

అంతే తిల్దీ. ఆదివారం స్టైర్ ఊరెళ్ళి ఇది వాల్బుర్గ అవ్వకి చదివి వినిపించు. ఆవిడకి చూపు ఆనదు. కిటికీ మూసి చదువు."