పగటి నీళ్ళు

చెయ్యి చాపితే అందే జగ్గును వదిలేసి, మా ఆయన ఖాళీ గ్లాసును వేలితో టక్కున కొట్టారు, పొయ్యమని. పొయ్యి మీది కూర వదిలి వచ్చి పోశాను. ఈ చుట్టుపక్కలందరికీ నీళ్ళు ఎప్పుడు, ఎంత వదలాలో తేల్చే డ్యాము ఇంజినీరును నేను. గడప దాటి లోపలికొస్తే మాత్రం వట్టి ఇంటినీరును. జలాశయం నా చేతిలో ఉంది కానీ, అందులో ఆశయం ఎవరిదో నన్నెవరూ అడగరు.

ఆయన ఆ డ్యాము కిందనే ఉన్న విద్యుత్కేంద్రానికి పెద్ద. కరెంటు మనిషి కదా, మాట్లాడితే షాకు, మాట్లాడకపోతే కోత. ఈ ఏడు వానలు మొహం చాటేశాయి. రోజుకు ఒక్క విడత వదిలేంత నీరే మిగిలింది. ఆ నీరే ముందు ఆయన టర్బైన్లు తిప్పి, ఆ తర్వాత కాలువలో పడి పొలాలకు పోతుంది. సాయంత్రం వదిలితే పట్నంలో దీపాలు వెలుగుతాయి, ఆయన పేరు కూడా వెలుగుతుంది; పొలాలకు చేరేసరికి మాత్రం అర్ధరాత్రవుతుంది. పొద్దున వదిలితే పొలాలకు సుఖం, పట్నానికి చీకటి. ఇన్నాళ్ళూ సాయంత్రమే వదిలాను. ఇక మారుద్దామని మీటింగులో అంటే మా పైఅధికారి నవ్వి, ఇంట్లో సారును ఓ మాట అడిగి చెప్పండి మేడమ్ అన్నాడు. ఆ గదిలో అందరూ నీళ్ళు తాగేవాళ్ళే, నేనొక్కదాన్నే నీళ్ళు నమిలేదాన్ని.

సరే, వడ్డిస్తూ అడిగాను. ఆయన ముద్ద మింగి, రైతులకు రాత్రిళ్ళు అలవాటేనని, పొలం మొహం ఎరగనిదానివి నీకెందుకని, అసలా కుర్చీ తన పలుకుబడితో వచ్చిందేనని అన్నారు. పరీక్ష రాసింది నేను. పుస్తకం ఒక చేత్తో, గరిటె ఒక చేత్తో పట్టుకుని చదివిందీ నేనే. నిద్రకు అప్పుడే నీళ్ళొదిలేశాను.

అంతవరకు కూరలో ఉప్పెక్కువైందని సణుగుతున్న మా అత్తగారు తలెత్తారు.

"అలవాటు ఎవరికిరా? మీ నాన్న గుర్రుపెట్టి పడుకునేవాడు. రాత్రిళ్ళు మడికి నీళ్ళు కట్టడానికి పోయింది నేను. నెలలు నిండిన కడుపుతో గట్టు మీద జారిపడ్డాను. నీకు ముందువాడు అక్కడే పోయాడు."

ఆయన నమలడం ఆపారు. ఒక్క క్షణమే.

"ఇప్పుడెందుకమ్మా ఆ పాత గోల? ఆ గిన్నె ఇటు జరుపు."

నేను అత్తగారి వంక చూశాను. ఇన్నేళ్ళకు ఇద్దరం ఒకే గట్టుకు చేరామనిపించింది.

"నన్నేం చూస్తావు? ముందు వడ్డించు. మొగుడికి ఎదురు చెప్పమని నేనేం అనలేదు" అన్నారావిడ.

ఎదురు చెప్పలేదు. వడ్డించాను.

మర్నాడు పొద్దున్నే విద్యుత్కేంద్రం వైపు గేట్లు ఎత్తించాను. కాసేపటికే కింద నుంచి ఫోను.

"ఎవర్నడిగి వదిలావ్?"

"ఎవర్నీ అడగలేదండీ."

"సాయంత్రం పట్నమంతా చీకట్లో కూర్చోవాలి, తెలుసా? అందరూ నిన్నే తిడతారు."

"కూర్చోనివ్వండి. ఇళ్ళల్లోనేగా" అన్నాను.