చినుకు పడని వాన

నేను ఒక టార్పాలిన్ పట్టాను. పట్టా అనగానే భూమి కాగితమనుకుని మొహం విప్పార్చుకోకండి. మిరపకల్లాల్లో వానొస్తే కాయమీద కప్పుతారే, ఆ నీలం గుడ్డని. గుడ్డ అనడం కూడా మర్యాదకే, నిజానికి ఒట్టి ప్లాస్టిక్‌ని. ఏదో పట్నం శివార్లలోని ఫ్యాక్టరీలో గింజల్ని కరిగించి, దారాలు తీసి, నేసి, అంచుల వెంట ఇనుప రింగులు బిగించి నన్ను లోకంలోకి తోశారు. పుట్టిననాడు నామీద నీళ్లు పోసి చూశారు. చుక్క కిందికి దిగలేదు. అప్పటినుంచీ నాకు కాస్త గర్వం ఉండేది.

రైతులకు సగం ధరకు ఇచ్చే పట్టాల్లో నేనూ ఒకదాన్నై పల్నాడు చేరాను. పొలం కాగితాలున్నవాళ్లకే ఇస్తామన్నారు. అందుకని మిరప తోటలో ఏనాడూ నడుం వంచని వెంకటప్పయ్య నన్ను తీసుకుపోయాడు. ఆయన భూమిని కౌలుకు దున్నే గురవమ్మకు కాగితం లేదు కనుక పట్టా లేదు. వాన ఎవరి కాయమీద పడుతుందో పేర్లు రాసేవాళ్లకేం తెలుసు! ఆయన నన్ను కారుకు కప్పాడు. ఎన్నికల మీటింగులో జనం కింద పరిచాడు. చివరికి నాలుగు చోట్ల చిరిగాక, మనసు పెద్దది చేసుకుని గురవమ్మకిచ్చాడు. ఆమె ఎరువు సంచి ముక్కలతో చిరుగులకు మాసికలు వేసి, గోనె దారంతో కుట్టింది. అంత శ్రద్ధగా నన్ను ముట్టుకున్న చెయ్యి మరొకటి లేదు.

ఆ ఏడు ఆమెకు ఆ కాయే ప్రాణం. భర్త పోయాక ఆ పొలాన్ని ఒంటిచేత్తో నిలబెట్టింది. పంట సరిగా చేతికొస్తేనే మళ్లీ కౌలుకిస్తానని ఆసామి వెంకటప్పయ్య ముందే తేల్చి చెప్పాడు. పొలం కోసం ఇంకొకడు అప్పటికే ఆయన అరుగు చుట్టూ తిరుగుతున్నాడు. ఆఖరి కోత కాయ కోసి కల్లంలో పోసింది. అది ఇంకా సగమే ఎండింది, పట్టుకుంటే తోలులా మెత్తగా ఉంది.

సరిగ్గా అప్పుడే ఫోన్లలో వాతావరణ కబురు మోగింది. రానున్న రోజుల్లో కోస్తాలో ఎండ, ఉక్కపోత, అక్కడక్కడా పిడుగులతో కూడిన వానలు అని. అక్కడక్కడా అంటే ఏ ఊరో ఆ చెప్పేవాళ్లకే తెలియదు. వినేవాళ్లు మాత్రం ఎవరికి వారు తమ కల్లం మీదేననుకుంటారు. గురవమ్మ కాయను రాశి చేసి, నన్ను కప్పి, గాలి కూడా దూరకుండా చుట్టూ రాళ్లు పెట్టింది.

ఆ ఊళ్లో ఒక మర్యాద ఉంది. మబ్బు పడితే కౌలుదారు ముందు ఆసామి కల్లానికి పరుగెత్తాలి. తన కాయ సంగతి తర్వాత. తెల్లారితే అక్కడ పట్టాలు తీయాలి, కాయ పలచగా నెరపాలి, తిరగెయ్యాలి. మధ్యాహ్నం దాటి ఉరిమితే మళ్లీ రాశి చేసి కప్పాలి. ఆ పనంతా ముగించుకుని గురవమ్మ తన కల్లానికి వచ్చేసరికి పడమట ఆకాశం నల్లగా ఉండేది. నన్ను తీయడానికి ధైర్యం చాలేది కాదు. నామీద చెయ్యి వేసి చూసేది. పొడిగా ఉన్నానని నిట్టూర్చి ఇంటికి వెళ్లేది. రోజూ అంతే. పైన పొడిగానే ఉన్నాను తల్లీ, కిందే ఉడికిపోతోంది! నా లోపలి వైపు కాయ ఊపిరి చెమటై పట్టి, బొట్టుబొట్టుగా మళ్లీ కాయమీదే రాలుతోంది. చుక్క దిగనివ్వనని విర్రవీగిన నేనే వానై కురుస్తున్నాను. నోరుంటే అరిచి చెప్పేదాన్ని.

ఉరుములు ఉరిమాయి, మెరుపులు మెరిశాయి, ఊరు ఉక్కతో ఉసూరుమంది. చినుకు మాత్రం పడలేదు. చివరికి మబ్బు విడిపోయి, గురవమ్మ నన్ను తొలగించేసరికి ముక్కిన వాసన గుప్పుమంది. ఎర్రటి కాయ తెల్లబోయి, బూజు పట్టి, ఒకదానికొకటి అతుక్కుపోయింది. ఆమె ఏడవలేదు. రాశిలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, అడుగునైనా బాగుందేమోనని చాలాసేపు వెతికింది. ఆ వెతుకులాట చూడటం కన్నా పొయ్యిలో పడి కాలిపోవడం నయమనిపించింది నాకు.

పంట నష్టం రాసుకునే ఉద్యోగి బండి మీద వచ్చాడు. నష్టపోయినట్టు రాస్తే ఆసామికి చూపించి పొలం నిలబెట్టుకోవచ్చని ఆమె ఆశ. అతను చెడ్డవాడు కాదు, కాయ చూసి అయ్యో అన్నాడు కూడా.

“వానకి తడిసిన కల్లాలే రాయమన్నారమ్మా. మీ ఊళ్లో చినుకు పడలేదు.”

“పడుద్దని చెప్పింది మీరేగా సారూ.”

“పడొచ్చని చెప్పాం. పడిందని చెప్పలేదుగా.”

వెంకటప్పయ్య కూడా వచ్చి చూశాడు. తనకు జాలి లేకపోలేదన్నాడు. కల్లం పక్కనే ఉండి కూడా కాయ చూసుకోలేని మనిషి చేతిలో పొలం పెడితే ఏమవుతుందో ఆమెనే చెప్పమన్నాడు. ఇన్నాళ్లూ ఆమె ఎవరి కాయ చూసిందో ఆయనకు గుర్తురాలేదు. ఆమె గుర్తుచేయలేదు. పొలం పోయాక ఆయన కల్లంలో కూలిపనే దిక్కని ఆమెకు తెలుసు. వచ్చే ఏటికి పొలం ఆ ఇంకొకడిదైంది.

తర్వాత కొద్దిరోజులకు ఏ కబురూ లేకుండా నిజమైన వాన వచ్చింది. గాలి దుమారానికి రేకులు ఎగిరిపోయాయి. ఆసామి కల్లంలో పట్టాలు చాల్లేదని గురవమ్మకు కబురొచ్చింది. ఆమె నన్ను నెత్తిన పెట్టుకుని తడుస్తూ వెళ్లి, ఆయన రాశి మీద కప్పి, గాలికి లేవకుండా అంచు మీద తానే కూర్చుంది. ఆ పూట నా మాసికల్లోంచి కూడా చుక్క దిగలేదు. సిగ్గులేని పనితనం నాది.

తెల్లారీ తెల్లారకముందే ఆమే వచ్చి నన్ను తీసింది. వెంకటప్పయ్య గుప్పెడు కాయ తీసి చెవి దగ్గర ఆడించాడు. గలగలమంది. మొహం వికసించింది.

“చూశావా గురవమ్మా, పొద్దున్నే పట్టా తీస్తే కాయ ఎంత బాగుంటదో.”

“అవునయ్యా,” అంది ఆమె.

నన్ను దులిపి, మడతపెట్టి, ఆయన షెడ్డులోనే ఒక మూల పెట్టి వెళ్లిపోయింది. కప్పడానికి ఆమెకిక ఏమీ లేదు.