చివరి స

మా ఆయన గిటారు నేర్చుకుంటున్నారు. అంటే పాటలనుకునేరు. స్కేలు. "అదేమిటండీ?" అంటే, "నీకర్థం కాదులే" అన్నారు. తీరా వింటే మనమెరిగిన స రి గ మ ప ద ని స!

ఏడో స్వరం దాకా చక్కగా వస్తారు. ఎనిమిదోది చిటికెన వేలితో నొక్కాలి. ఆ వేలు అంతదూరం సాగదు, సాగదీసే ఓపిక ఆయనకు లేదు. తప్పు వస్తే మొదటి నుంచి వాయించాలని ఫోన్లో పాఠం చెప్పే కుర్రాడు అన్నాడట. ఇంకేం, ని దాకా రావడం, ఆగడం, మళ్ళీ మొదలు. వచ్చీ రాని తుమ్ములా ఇల్లంతా ఆ స కోసం ఎదురుచూస్తుంది. వంటింట్లో మా అత్తగారు "సా" అని తనే పూర్తి చేసుకుంటే తప్ప ఆవిడ చేతిలో కత్తి కదలదు.

ఇందులో వింతేమీ లేదు. ఆయన బిగించిన అలమరకు ఆఖరి మేకు నేను కొట్టాను. ఆయన ఉతికిన బట్టలు అత్తగారు ఆరేశారు. అలా పెంచింది ఆవిడ, భరిస్తున్నది నేను.

ఆఫీసులో మాత్రం ఆయన పులి. కింద పనిచేసేవాళ్ళ కాగితంలో ఒక్క అక్షరం తేడా వచ్చినా "మళ్ళీ మొదటి నుంచి" అని విసిరికొడతారు. అలాంటి మనిషి ఆఫీసు వార్షికోత్సవంలో గిటారు వాయిస్తానని నలుగురిలో మాటిచ్చి వచ్చారు.

"పాట వచ్చా?" అన్నాను.

"స్కేలు వస్తే పాట అదే వస్తుంది."

"స్కేలు వచ్చా?"

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఇల్లు హాయిగా ఉంది.

వార్షికోత్సవం రోజు ముందు వరసలో నేనూ అత్తగారూ. వెనకంతా ఆయన చేత చీవాట్లు తిన్నవాళ్ళు. ఆయన స్టేజీ ఎక్కి, "ముందుగా స్కేలు" అన్నారు. ని దగ్గర ఆగారు. అలవాటు కొద్దీ మళ్ళీ మొదలెట్టారు. మళ్ళీ అక్కడే ఆగారు.

"సార్, మళ్ళీ మొదటి నుంచి!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

హాలంతా గొల్లుమంది. నాకూ నవ్వొచ్చింది కానీ, పాలిపోయిన ఆయన మొహం చూసి ఒళ్ళు మండింది. ఎంతైనా నా మొగుడు. ఆయన్ని చూసి నవ్వే హక్కు నాది, వాళ్ళెవరు?

ఇంతలో అత్తగారు ఉండబట్టలేక గొంతెత్తి "సా..." అన్నారు. చప్పట్లే చప్పట్లు. అన్నీ ఆవిడకే.

ఇక గిటారు మూలన పడుతుందనుకున్నాను. అంత అదృష్టమా! మర్నాడు పొద్దున్నే మళ్ళీ తీశారు. ని దాకా వచ్చి, దర్జాగా వంటింటి వైపు తిరిగి, "అమ్మా, అందుకో" అన్నారు.

అత్తగారు నా వైపు చూశారు. నేను ఆవిడ వైపు చూశాను. ఇద్దరం నోరు మెదపలేదు.

"అమ్మా!"

ఆవిడ చేతిలో కత్తి అలాగే ఆగి ఉంది.

"ఏమోయ్, నువ్వైనా!"

నేను గిన్నెలు తోముకుంటున్నాను.

చాలాసేపటికి గతిలేక ఆ చిటికెన వేలు సాగింది. బర్రుమంటూ ఓ దిక్కుమాలిన స బయటపడింది. ఆయన మొహం వెలిగిపోయింది.

"విన్నావా అమ్మా?"

"విన్నాన్రా," అన్నారు అత్తగారు, కత్తి కింద పెట్టి. "బాగాలేదు. మళ్ళీ మొదటి నుంచి."