నోటితో చెప్పిన ఖాతా

అక్క పంపే ప్రతి బిల్లు కింద, బ్యాంకు వివరాలు ఉండాల్సిన చోట, ఒకే ఒక్క వాక్యం ఉండేది. "ఖాతా నంబరు నా నోటితో ఫోన్‌లో చెబుతాను. అలా చెప్పిన ఖాతాలోనే డబ్బు వేయాలి." ఆ వాక్యం తట్టిన రోజు ఆవిడ మురిసిపోయిన తీరు చూడాలి. ఆడియో పుస్తకాలు చేసే కంపెనీలకు నవలలు చదివిపెట్టే మనిషి, సొంతంగా పని, ఎవరి దగ్గరా ఉద్యోగం లేదు. గొంతు అమ్ముకుని బతికేవాళ్ళకు గొంతే సంతకం అని ఆవిడ సిద్ధాంతం. ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా ఆ గొంతు వింటే పోల్చుకునేవాళ్ళు కాబట్టి, సిద్ధాంతం చెల్లుబాటైపోయింది.

పుస్తకాలకు బొమ్మలు వేసే స్నేహితురాలొకతె నచ్చజెప్పి చూసింది. తన బిల్లు తీసి ముందు పెట్టింది. అడుగున ఖాతా పేరు, నంబరు, బ్యాంకు, అన్నీ నల్లగా అచ్చువేసి ఉన్నాయి.

"ఈ నంబరు చూసి ఎవరైనా డబ్బులు వేయగలరు గానీ తీసుకోలేరే. ఇంటి ఖర్చుల ఖాతా ఇవ్వకు. వ్యాపారానికని వేరే ఒకటి తెరువు, దాన్ని బిల్లు మీద వేసెయ్. ప్రతిసారీ అదే కనిపిస్తుంటే, ఎవడైనా మార్చినప్పుడు డబ్బు వేసేవాళ్ళకే అనుమానం వస్తుంది."

"బీరువా తాళం తీసుకెళ్ళి గుమ్మానికి వేలాడదీసుకుంటామా?" అంది అక్క.

"తాళం కాదే తల్లీ, ఇంటి నంబరు. అది రాయకపోతే ఉత్తరం ఎక్కడికొస్తుంది?"

అక్క పకపకా నవ్వి టీ పోసింది. ఎదుటివాళ్ళ మాటలో నిజం ఉందని తోచినప్పుడే ఆవిడకు అంత నవ్వొచ్చేది. అసలు సంగతి భయం కాదు. అదే సలహా అంతకుముందే ఇంట్లో చెల్లెలు ఇచ్చింది, అక్కకు గిట్టనిది అదే.

చెల్లెలు అక్కతోనే ఉండేది. వంట చేసేది, బట్టలు మడతపెట్టేది, బిల్లులు టైపు చేసేది. ఒకరోజు టైపు చేస్తూ చేస్తూ ఆగి అడిగింది.

"మనిద్దరి పేరునా ఒక వ్యాపార ఖాతా తెరుద్దామా అక్కా? బిల్లు కింద వేసేద్దాం. మాటిమాటికీ ఫోన్లు ఉండవు."

"ఇద్దరి పేర్లూ ఎందుకే? గొంతు నాది. నువ్వు టైపు కొడతావు. రేపు ఆ కంప్యూటరు కూడా పేరు పెట్టమంటుంది, పెట్టేద్దామా?"

చెల్లెలు నవ్వినట్టే మొహం పెట్టి, అక్క చెప్పిన వాక్యం టైపు చేసింది.

కానీ గొంతు అక్క ఒక్కదానిదే కాదు. అక్కాచెల్లెళ్ళిద్దరిదీ ఒకటే గొంతు. చిన్నప్పుడు నాన్న ఫోన్ చేస్తే ఎవరు ఎత్తారో తెలియక, ఒకదాన్ని తిట్టాల్సిన తిట్లు ఇంకోదాన్ని తిట్టేవాడు. అక్క దీన్ని వాడుకుంది. మొదట్లో తనకు దగ్గొచ్చి పాడైన వాక్యాలు చెల్లెలి చేత చదివించి అతికించేది. తర్వాత పేజీలు. ఆ తర్వాత, తనకు బయట పనులు ఎక్కువై, ఏకంగా అధ్యాయాలు. విరామం ఎక్కడ తీసుకోవాలో, 'ప' పలికేటప్పుడు మైకు మీద గాలి కొట్టకుండా మూతి ఎలా పక్కకు తిప్పాలో, నవ్వు ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ మింగాలో, అన్నీ నేర్పింది. ఇంట్లో పాత బట్టల అల్మారాకు నాలుగు వైపులా బొంతలు కొట్టి గదిలా చేశారు. ఫ్యాను శబ్దం పడకూడదు గనక లోపల గాలాడదు. చెల్లెలు అందులో గంటలు గంటలు కూర్చుని చెమటతో తడిసి బయటికొచ్చేది. అక్క చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని బయట కూర్చుని, తప్పు పోయినప్పుడల్లా స్కేలుతో అల్మారా తలుపు మీద టక్కున కొట్టేది. దీనికి చెల్లెలికి ముట్టేది తిండి, బట్ట, పండగ పూట కాస్త చేతిఖర్చు.

ఆ మధ్య అక్కకు పెద్ద పని తగిలింది. ఎడతెగని నవల, రెండు భాగాలు. ముందు మొదటి భాగం ఇచ్చారు, అది మొత్తం అప్పజెప్పాకే డబ్బు. కంపెనీ కాంట్రాక్టులో ఒక షరతు ఉంది. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒకే మనిషి గొంతు ఉండాలి, వేరే గొంతు కలిసిందని తేలితే ఇచ్చిందంతా వెనక్కి కట్టాలి. అక్క చదివి సంతకం పెట్టింది. ఎవరు కనిపెడతారు?

ఆ భాగం సగం అయ్యేసరికి అక్క గొంతు బొంగురుపోయింది. మిరియాల పాలు పనిచేయలేదు. డాక్టరు గొంతులోకి గొట్టం దించి చూసి, కాయలు కట్టాయన్నాడు.

"నోరు మెదపకండి. గుసగుసలు కూడా వద్దు. వాపు తగ్గాక ఆపరేషన్ చేద్దాం. ఆలస్యం చేస్తే మాత్రం ఇక ఈ బొంగురే మిగుల్తుంది."

ఆ మాట డాక్టరు కాగితం మీద కూడా రాసిచ్చాడు. ఆపరేషన్‌కు డబ్బు ముందే కట్టాలి. ఆ డబ్బు మొదటి భాగం పూర్తయితేనే వస్తుంది. అక్కకు ముద్ద దిగలేదు. గొంతు పోతే తను ఎవరు? మొహం చూసి పని ఇచ్చేవాడు ఒక్కడూ లేడు.

ఆ భాగంలో మిగిలిందంతా చెల్లెలే చదివింది. వచ్చే ఫోన్లు కూడా చెల్లెలే ఎత్తాలని అక్క కాగితం మీద రాసి చూపించింది. "నాలాగే మాట్లాడు. నాకు గొంతు పోయిందని ఒక్కడికి తెలిసినా రెండో భాగం చేజారిపోతుంది."

"మరి ఖాతా నంబరు అడిగితే?" అంది చెల్లెలు.

"పాతదే అని చెప్పు," అని రాసింది అక్క. నంబరు మాత్రం రాయలేదు.

మొదటి భాగం పూర్తయింది, బిల్లు వెళ్ళింది. కంపెనీ అకౌంటెంట్ ఫోన్ చేశాడు. అక్క ఎదురుగానే కూర్చుని ఉండగా చెల్లెలు అచ్చం అక్కలాగా కుశలం అడిగి, "పాతదేనండీ," అని పెట్టేసింది. అక్క తృప్తిగా తలాడించి, మాత్ర వేసుకుని పడుకుంది.

డబ్బు రాలేదు. ఆసుపత్రివాళ్ళు రెండుసార్లు గుర్తుచేశారు. చెల్లెలి చేత ఫోన్ చేయిస్తే, "వేస్తారట అక్కా, కొంచెం ఓపిక పట్టు," అంది. ఓపిక పట్టే గుణం అక్కకు పుట్టుకతోనే లేదు. ఒక ఉదయం చెల్లెలు స్నానానికి వెళ్ళగానే చెప్పులు తొడుక్కుని కంపెనీకి బయల్దేరింది.

అకౌంటెంట్ మెతక మనిషి. లేచి కుర్చీ వేశాడు. అక్క నోరు విప్పింది. మూత బిగుసుకున్న డబ్బా తెరిచినట్టు కీచుమంది.

"నా డబ్బు ఇంకా రాలేదండీ."

"అయ్యో, గొంతేమైందండీ?"

"జలుబు."

అతను కంప్యూటరు చూసి నొసలు ముడిచాడు. "వేసేశామండీ, ఎప్పుడో. మీరు చెప్పిన కొత్త ఖాతాలోకి."

"కొత్త ఖాతా ఏంటి?"

"వ్యాపారానికని తెరిచానన్నారు కదా. పేరు వేరే ఉందేమిటండీ అంటే, ఇంటిపేరు ఒకటే, మా ఇంటి ఖాతాయే అన్నారు. మీ బిల్లు మీద నంబరుండదని ఆడిటర్ మా ప్రాణం తీస్తాడు, అందుకే మీ ఫోన్లన్నీ రికార్డు చేస్తాం. వినండి."

అతను మీట నొక్కాడు. గదిలోకి అక్క గొంతు వచ్చింది.

"నమస్కారమండీ. ఇందాక పాతదే అని చెప్పాను గానీ, ఖాతా మారింది. మా బిల్లు కింద రాసినట్టే నా నోటితో చెబుతున్నాను, రాసుకోండి."

అక్క పనిమంతురాలిలా విన్నది. అంకెకూ అంకెకూ మధ్య విరామం సమంగా ఉంది. ఊపిరి చప్పుడు లేదు, పెదవుల చప్పుడు లేదు. ఎంత బాగా చెప్పానో అనుకుంది ఒక్క క్షణం, నిజంగానే. ఎప్పుడు చెప్పానా అని గుర్తుచేసుకోబోయింది. చివర్లో చిన్న నవ్వు వచ్చి సగంలో మింగుడుపడింది. ఆ మింగడం తను అల్మారా బయట కూర్చుని, స్కేలు విరిగేదాకా నేర్పిన మింగడం.

ఒక్క నిమిషం అని సైగ చేసి వరండాలోకి వెళ్ళి ఇంటికి ఫోన్ చేసింది.

"చెప్పక్కా," అంది చెల్లెలు. తొణకలేదు, బెణకలేదు.

"దొంగముండా. లోపలికెళ్ళి చెప్పేస్తున్నాను. అది నా గొంతు కాదని చెప్పేస్తాను. డాక్టరు కాగితం చూపిస్తాను. ఆ రోజు నేను మాట్లాడే స్థితిలోనే లేనని అందులో ఉంది."

"చూపించు. ఆ కాగితం మీద తేదీ కూడా ఉంటుంది. ఆ తేదీ తర్వాత నవల చదివింది ఎవరని అడుగుతారు. అప్పుడు మొత్తం వెనక్కి కట్టాలి. నీ పేరునే కట్టాలి అక్కా, నా పేరు ఎక్కడా లేదుగా."

అక్క గోడకు చేరగిలబడింది. పక్కనుంచి ఎవరో టీ కప్పులు పట్టుకుని వెళ్ళారు.

"ఆపరేషన్‌కే," అంది అక్క. పుట్టి బుద్ధెరిగాక చెల్లెల్ని ఆవిడ బతిమాలడం అదే మొదలు. "ఆపరేషన్‌కు మట్టుకు ఇవ్వవే. మిగతాది నువ్వే ఉంచుకో. ఇద్దరి పేర్లూ వేద్దాం, నీ పేరే ముందు వేద్దాం. నా గొంతు పోతుందే."

చెల్లెలు పొయ్యి కట్టేసిన చప్పుడు వినిపించింది. అక్కకు ఆశ కలిగింది.

"నీ గొంతు బాగైతే నేను మళ్ళీ తిండికీ బట్టకే ఆ బొంతల్లో కూర్చోవాలక్కా," అంది చెల్లెలు నెమ్మదిగా. "ఇప్పుడు బాగానే ఉంది కదా ఇల్లు. వంట నువ్వు చేద్దువుగాని, దానికి గొంతు అక్కర్లేదు. ఎండెక్కకముందే వచ్చెయ్."

అక్క లోపలికి వచ్చి కూర్చుంది. అకౌంటెంట్ మంచినీళ్ళు జరిపి, ఆదుర్దాగా చూశాడు.

"ఏమైనా పొరపాటు జరిగిందా? జరిగితే ఇప్పుడే చెప్పండి, మేనేజర్‌ను పిలుస్తాను. పోలీసు రిపోర్టు ఇద్దాం."

చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. చెబితే డబ్బూ పోతుంది, పేరూ పోతుంది, ఎదురు అప్పు నెత్తిన పడుతుంది. చెప్పకపోతే గొంతొక్కటే పోతుంది.

"లేదండీ. నేనే చెప్పాను. మర్చిపోయాను."

అతను ఊపిరి పీల్చుకున్నాడు. "హమ్మయ్య. మీ గొంతు నేను పోల్చుకోలేకపోవడమేమిటా అని కంగారుపడ్డాను. అన్నట్టు రెండో భాగం కూడా మీకే ఇస్తున్నారు. దానికీ ఈ కొత్త ఖాతాయేనా?"

అక్క తలూపింది.

"తలూపితే కుదరదండీ, మీరు పెట్టిన షరతే కదా. నోటితో చెప్పాలి." నొచ్చుకుంటూనే ఫోను ముందు పెట్టి మీట నొక్కాడు.

"కొత్త ఖాతాయే," అంది అక్క. ఆ రెండు మాటలకే గొంతులో గాజుపెంకు గీసినట్టయింది.

అతను వెనక్కి తిప్పి విన్నాడు. మళ్ళీ విన్నాడు. మొహమాటంగా తల గోక్కున్నాడు.

"ఇది మీ గొంతులా లేదండీ. ఆడిటర్ ఒప్పుకోడు. ఏమీ అనుకోకుండా, ఇంటికెళ్ళాక మీ మామూలు గొంతుతో ఒకసారి ఫోన్ చేసి చెప్పండి."

"చెప్పిస్తానండీ," అంది అక్క.

జలుబు వల్ల మాట తడబడిందనుకుని అతను పట్టించుకోలేదు. జాగ్రత్తగా వెళ్ళమని చెప్పి, తలుపు దాకా వచ్చి సాగనంపాడు.